రెండు పది పెద్దదా, రెండు ఎనిమిది పెద్దదా? – కృత్యాలతో లెక్కల మూల్యాంకనంపై ఒక విమర్శ

హైదరాబాద్ పాతబస్తీలో, చార్మినార్‌కు పడమటి వైపున్న లాడ్ బజార్‌లో గాజుల సైజును 2.4, 2.6, 2.8, 2.10 అని రాస్తారు. నోటితో చెప్పేటప్పుడు రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది, రెండు పది అంటారు. అక్కడ 2.10 గాజు 2.8 గాజు కంటే పెద్దది. అదే వీధి పిల్లవాడు బడికి పోయి దశాంశ భిన్నాల పాఠంలో 2.10 పెద్దదని రాస్తే టీచర్ తప్పు కొడతాడు. బజారూ తప్పు చెప్పడం లేదు, పుస్తకమూ తప్పు చెప్పడం లేదు. గాజు సైజులో చుక్క తర్వాత ఉన్నది అంగుళంలో పదహారో వంతుల లెక్క. 2.8 అంటే రెండు అంగుళాల మీద పదహారింట ఎనిమిది వంతులు, అంటే రెండున్నర అంగుళాలు. 2.10 అంటే రెండు అంగుళాల మీద పదహారింట పది వంతులు. దశాంశంలో మాత్రం చుక్క పక్కనున్న అంకె పదో వంతులు చెబుతుంది. గుర్తు ఒకటే, అర్థాలు రెండు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ పిల్లవాడు 2.10 పెద్దదని ఎందుకు రాశాడో టీచర్‌కు తెలుసా? తెలియకపోతే అక్కడ జరిగింది మార్కులు వేయడమే, మూల్యాంకనం కాదు. ఐదు నుంచి ఎనిమిదో తరగతి దాకా లెక్కల్లో కృత్యాలతో మూల్యాంకనం చేయాలని మనం పదేళ్లకు పైగా మాట్లాడుతున్నాం. చేస్తున్నది మాత్రం చాలా చోట్ల కృత్యాల ప్రదర్శన. ఈ వ్యాసం ఆ తేడా గురించి.

పాతబస్తీ సంగతి ఆదివాసీ రచయితల పుస్తకంలో ఎందుకని అడగవచ్చు. రెండు కారణాలున్నాయి. మొదటిది లక్క. లాడ్ బజార్‌కు పేరు తెచ్చిన లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లక్క అడవి సరుకు. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు కట్టే జిగురు అది. దేశంలో దాన్ని సేకరించే వాళ్లలో ఎక్కువమంది జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ లాంటి చోట్ల ఉండే ఆదివాసులే. అడవిలో ఒక చేయి తూకం వేసిన సరుకు ఇక్కడ ఇంకొక చేతిలో అంగుళాల లెక్కకు వస్తుంది. రెండో కారణం భాష. పాతబస్తీ పిల్లల్లో చాలామంది ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడతారు. మన పిల్లలు ఇంట్లో గోండీ, కోయ, కొలామీ, సవర, లంబాడీ మాట్లాడతారు. ఇంటి లెక్క ఒక భాషలో, బడి లెక్క ఇంకొక భాషలో నడిచే కష్టం ఇద్దరికీ ఉంది. వాళ్ల వీధిలో కనబడే సమస్య మన గూడెంలోనూ ఉంది.

చట్టం ఏమంటుందో చూద్దాం. 2009 విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్ మూడు మాటలు చెప్పింది. కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా నేర్పాలి. వీలైనంత వరకు మాతృభాషలో బోధించాలి. బిడ్డ అవగాహనను నిరంతరం, సమగ్రంగా మూల్యాంకనం చేయాలి. దాని వెంట మన రాష్ట్రాల్లో నిర్మాణాత్మక మూల్యాంకనం వచ్చింది. అందులో నాలుగు సాధనాలు: పిల్లల భాగస్వామ్యం – ప్రతిస్పందనలు, రాత పనులు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష. లెక్కల పుస్తకాలు కూడా సమస్యా సాధనతో పాటు కారణాలు చెప్పడం, వ్యక్తపరచడం, అనుసంధానం, ప్రాతినిధ్యపరచడం అనే ప్రమాణాలను పెట్టుకున్నాయి. కాగితం మీద ఇంతకంటే మంచి ఏర్పాటు అడగలేం.

బడిలో ఏమైంది? లఘు పరీక్ష ఒక్కటే అసలు పరీక్షగా నిలిచింది. ప్రాజెక్టు పని చార్టు అయింది. స్టేషనరీ దుకాణంలో అట్ట కొని, గైడులో ఉన్న బొమ్మ దించి, చుట్టూ మెరుపు కాగితం అంటిస్తే ప్రాజెక్టు మార్కులు వచ్చేస్తాయి. కొనగలిగిన ఇంటి పిల్లకు మంచి చార్టు, కొనలేని ఇంటి పిల్లకు చిన్న చార్టు. భాగస్వామ్యం మార్కులు తరగతిలో గట్టిగా మాట్లాడే పిల్లలకు పోతాయి. తెలుగులో మాట్లాడడానికి జంకే గోండు పిల్ల చేతిలో పుల్లలతో సరిగ్గా లెక్క చేసినా ఆ గడిలో ఆమెకు పడేది తక్కువే. గణిత మేళాలో నమూనా బల్ల మీద ఉంటుంది. పక్కన నిలబడ్డ పిల్ల కంఠతా పట్టిన నాలుగు వాక్యాలు చెబుతుంది. వచ్చిన అధికారి నమూనాను చూస్తాడు, బిడ్డ ఆలోచనను చూడడు. ఇదంతా టీచర్ల బద్ధకం అనడం అన్యాయం. రిజిస్టరు అడిగేది మార్కునే, బిడ్డ ఎలా ఆలోచించిందో రాయడానికి అందులో గడి లేదు. గడి లేనిదాన్ని ఎవరూ నింపరు.

కృత్యం మూల్యాంకనం కావాలంటే ఏం కావాలో గాజులతోనే చూద్దాం. 2.4, 2.6, 2.8, 2.10 సైజు గాజులు ఒక్కొక్కటి, ఒక స్కేలు, నాలుగు కాగితాలు, ఒక దారం ముక్క చాలు. నలుగురు పిల్లలను కూర్చోబెట్టి సైజు చీటీలు మాత్రమే ముందు ఇవ్వాలి. ఏది పెద్దది, ఎందుకు అని అడగాలి. తర్వాత గాజులు ఇచ్చి చీటీలను వాటి మీద పెట్టమనాలి. టీచర్ ఏదీ సరిదిద్దకూడదు. విని రాసుకోవాలి.

నాలుగు రకాల జవాబులు రావచ్చు. ఒక పిల్ల గాజును గాజు మీద పెట్టి చూసి 2.10 పెద్దదంటుంది. ఆమెకు పరిమాణం తెలుసు, గుర్తు సంగతి ఇంకా తెలియదు. ఇంకొక పిల్లవాడు ఎనిమిది కంటే పది పెద్దది కాబట్టి 2.10 పెద్దదంటాడు. అతను చుక్కను చూడనే లేదు, రెండు వేరు వేరు పూర్ణ సంఖ్యలు చదివాడు. మూడో పిల్ల గాజులు చేతిలో ఉన్నా 2.10 చిన్నదంటుంది. ఆమెకు నియమం వచ్చు, కాని కంటికి కనబడేదాని కంటే నియమాన్నే నమ్ముతోంది. నాలుగో పిల్లవాడు ఇక్కడ చుక్క తర్వాత ఉన్నది పదో వంతు కాదు, వేరే ఏదో వంతు అంటాడు. అతనికే విషయం పూర్తిగా తెలుసు. ఇదే ప్రశ్నను దశాంశాల లఘు పరీక్షలో ఇస్తే మొదటి ఇద్దరికీ సున్నా. నాలుగో పిల్లవాడు గాజును మనసులో పెట్టుకుని రాస్తే అతనికీ సున్నానే. మూడో పిల్లకు పూర్తి మార్కు. ముగ్గురికి వచ్చిన సున్నా ఒకే రకం సున్నా కాదు. ఒక్కొక్కరికి రేపు చెప్పాల్సిన పాఠం వేరు. కాగితం చూపలేనిది ఇదే.

మొదటి జవాబుతో ఆగకూడదు. రెండేసి పెంచుకుంటూ పోతే 2.14 తర్వాత ఏ సైజు వస్తుందని అడగాలి. 2.16 అన్నవాడు అంకెలు చదువుతున్నాడు. మూడు అన్నవాడికి పదహారు వంతులు కలిస్తే ఒక అంగుళమని తెలుసు. తర్వాత 16 సెంటీమీటర్ల కాగితపు పట్టీ ఇచ్చి, దీన్ని ఒక అంగుళం అనుకుందాం, నాలుగు సార్లు సగానికి మడిస్తే ఎన్ని భాగాలవుతాయి అని మడవకముందే అడగాలి. ఎనిమిది అని చెప్పే పిల్లలు చాలామంది ఉంటారు. నాలుగు మడతలు, మడతకు రెండు అని వాళ్ల లెక్క. విప్పి చూస్తే పదహారు. తాను చెప్పినదానికీ చూసినదానికీ తేడా వచ్చినప్పుడు పిల్ల ఏం చేస్తుందో అదే రాసుకోవాల్సిన విషయం. మళ్లీ లెక్కపెడుతుందా, రెండో మడత దగ్గరే నాలుగు అయ్యాయని గమనిస్తుందా, టీచర్ ముఖం చూస్తుందా? ఏడు, ఎనిమిది తరగతుల వాళ్లకు 2.8 గాజు లోపలి అంచు వెంట పెన్సిల్‌తో వృత్తం గీయించి, ఆ గీత మీద దారం పరిపించవచ్చు. అడ్డుకొలత 63.5 మిల్లీమీటర్లు, దారం దాదాపు 20 సెంటీమీటర్లు వస్తుంది. దారం అడ్డుకొలతకు మూడింతలకు కొంచెం ఎక్కువని పిల్లే చెప్పాలి. పై విలువను టీచర్ ముందే బోర్డు మీద రాస్తే అక్కడ పరీక్షించడానికి ఏమీ మిగలదు.

ఇప్పుడు భాష. కృత్యంలో భాష అడ్డు రాదనే నమ్మకం తప్పు. ఉర్దూలో ఒకటి నుంచి వంద దాకా చాలా అంకెలకు విడివిడి పేర్లున్నాయి. ఉనాసీ అంటే 79, అంటే అస్సీకి ఒకటి తక్కువ. నవాసీ అంటే 89. ఉనాసీ విని 89 రాసిన పిల్లవాడికి స్థానవిలువ రాదని టీచర్ రాసుకుంటే అది పొరపాటు తీర్పు కావచ్చు. అదే పిల్లవాడికి పది పుల్లల కట్టలు ఇచ్చి ఏడు కట్టలు, తొమ్మిది విడి పుల్లలు ఎన్ని అని అడిగితే, అంకె రాయమంటే తేలిపోతుంది. తప్పు లెక్కలో ఉందా, మాటలో ఉందా అని విడదీయడానికే కృత్యం పనికొస్తుంది.

మన సంగతి ఇంకా లోతైనది. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం వైపు సవర భాష పాత లెక్కలో పన్నెండుకు విడిగా మాట ఉంది. పదమూడు అంటే పన్నెండూ ఒకటి. ఇరవైకి మళ్లీ విడి మాట. ముప్పై మూడు అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. లెక్కల కిట్లన్నీ పదుల మీద కట్టినవి: పది పూసల దండ, పది పుల్లల కట్ట, పది గడుల బద్ద. అవి మంచివే, పదుల లెక్క మన పిల్లలకు రావాల్సిందే. కాని ఇంట్లో పన్నెండు, ఇరవైలతో లెక్క విన్న పిల్ల ఆ కిట్టు దగ్గర తడబడితే ఆమెకు లెక్క రాదని కాదు, ఒక కట్ట నుంచి ఇంకొక కట్టకు మార్చుకుంటోందని అర్థం. గాజులు కూడా డజన్లలోనే అమ్ముతారు. 33 గాజులను రెండు డజన్లు, తొమ్మిది అని చెప్పగలిగిన పిల్లకు కట్టలు కట్టడం తెలిసినట్టే. ఆ తెలివిని రాసుకోవడానికి మన రిజిస్టరులో చోటుండాలి. జవాబు గోండీలోనో లంబాడీలోనో చెప్పినా చెల్లాలి. మన భాషల్లో బడి పుస్తకాలు కొత్త ముచ్చట కాదు. నిజాం ప్రభుత్వ కాలంలో, 1943లో, హైమన్‌డార్ఫ్ చొరవతో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు వచ్చాయి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలైంది. అక్షరాల దాకా వచ్చిన ఈ ఆలోచన లెక్కల పరీక్ష దాకా రావాలి.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. గురుకులాల ప్రవేశ పరీక్ష కాగితం మీదే ఉంటుంది, ఏకలవ్య పాఠశాలల ఆరో తరగతి ప్రవేశ పరీక్ష కాగితం మీదే ఉంటుంది. అక్కడ గాజులు ఇవ్వరు, పుల్లలు ఇవ్వరు. చేతితో వచ్చింది కాగితం మీద రాకపోతే మన పిల్లలకు ఒరిగేదేమిటి? ఇది న్యాయమైన ప్రశ్న. ఎందుకంటే చేతిలో ఉన్న లెక్క తనంతట తాను కాగితం మీదికి రాదు. 1985లో ప్రచురించిన ఒక అధ్యయనం కోసం బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో సంతల్లో అమ్మే ఐదుగురు పిల్లలను పరిశోధకులు గమనించారు. బేరంలో వచ్చిన లెక్కల్లో 98 శాతం సరిగ్గా చేశారు. అవే లెక్కలను కథ రూపంలో ఇస్తే 74 శాతం, ఉత్త అంకెల్లో ఇస్తే 37 శాతం మాత్రమే. 2025లో నేచర్ పత్రికలో కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే 1,436 మంది పిల్లల మీద వచ్చిన అధ్యయనం కూడా అదే చూపింది. బజారులో చకచకా లెక్క చేసినవాళ్లు బడి పద్ధతి లెక్కల దగ్గర ఆగిపోయారు. అందులో రెండో సగాన్ని కూడా చదవాలి. పక్క బడుల్లో చదివే 471 మంది పిల్లలు కాగితం మీది సులువు లెక్కలు బాగా చేశారు. కాని పనిచేసే పిల్లల్లో మూడో వంతు కంటే ఎక్కువమంది చేసిన ఒక బజారు లెక్కను వాళ్లలో ఒక్క శాతమే చేయగలిగారు.

అంటే బజారు పిల్లవాడికి కాగితం దగ్గర ఒక తలుపు మూసి ఉంది, బడి పిల్లవాడికి బజారు దగ్గర ఇంకొక తలుపు మూసి ఉంది. కాబట్టి మన పిల్లలకు అన్నీ చేతుల్లోనే ఉన్నాయి, పుస్తకం ఎందుకు అనే పొగడ్తను నమ్మకూడదు. ఆ పొగడ్త మన పిల్లలను గల్లాపెట్టె దగ్గరే కూర్చోబెడుతుంది. ప్రతి కృత్యానికీ చివర ఒక మెట్టు తప్పనిసరి: చేతితో చేసినదాన్ని మాటలో చెప్పించడం, గీతలో గీయించడం, గుర్తులో రాయించడం. గాజుల దగ్గర పిల్ల 2 మీద పదహారింట పది అని భిన్నంగా రాసి, దాన్ని రెండు మీద ఎనిమిదింట ఐదు అని కుదించి, దశాంశంలో 2.625 దగ్గరికి వచ్చినప్పుడు వంతెన పూర్తవుతుంది. అప్పుడు గాజు 2.10, దశాంశం 2.10 ఎందుకు ఒకటి కావో ఆమే చెబుతుంది. ఆ వంతెన మీద పిల్ల ఎక్కడ ఆగిందో కనిపెట్టడమే మూల్యాంకనం.

ఇంకొక హెచ్చరిక. గాజుల లెక్క బాగుందని గాజుల కార్ఖానాను బడి అనుకోవద్దు. 2015 జనవరిలో పాతబస్తీలోని గాజుల కార్ఖానాల నుంచి బీహార్‌కు చెందిన 200 మందికి పైగా పిల్లలను పోలీసులు విడిపించారు. వాళ్ల చేతులకూ సైజులు తెలిసే ఉంటాయి, కాని ఆ చేతుల్లో పలక లేదు. మన దగ్గర వేసవిలో తునికాకు సేకరణకు పోయే పిల్లల విషయంలోనూ ఈ గీత గుర్తుండాలి. పని నుంచి లెక్కను బడికి తెచ్చుకుందాం, బిడ్డను మాత్రం పనికి అప్పగించొద్దు.

మన ఊళ్లలో గాజులు వెతకనవసరం లేదు. పాత కొలపాత్రలు ఇంట్లో ఉంటే చాలు. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. ప్రాంతాన్ని బట్టి పరిమాణాలు మారవచ్చు, ఈ రెట్టింపు వరస మాత్రం చూడండి. నాలుగు సార్లు రెట్టిస్తే పదహారు. సోల కుంచంలో పదహారో వంతు. లాడ్ బజార్ అంగుళంలో ఉన్న లెక్కే మన కుంచంలోనూ ఉంది. 1957 దాకా రూపాయిలో పదహారు అణాలున్నదీ ఇదే లెక్క. రెండు కుంచాల పది సోలలు పెద్దవా, రెండు కుంచాల ఎనిమిది సోలలు పెద్దవా అని ఇసుక కొలిపించి అడగవచ్చు. పాత్రలు లేకపోతే సగం సగంగా కోసిన సీసాలు పనిచేస్తాయి. తునికాకు కట్టలో యాభై ఆకులు, ప్రామాణిక సంచిలో వెయ్యి కట్టలు. ఒక సంచిలో ఎన్ని ఆకులు, ఒక ఇల్లు రోజుకు ఇన్ని కట్టలు కడితే ఎన్ని రోజులు అనే ప్రశ్నలతో గుణకారం, భాగహారం, అంచనా అన్నీ చూడవచ్చు. సంతలో తూకం మోసాలు మన తాతల కాలం నుంచి ఉన్నవే. ఇప్పపువ్వు, చింతపండు సరైన ధరకు కొనడానికి 1956లో గిరిజన సహకార సంస్థను పెట్టాల్సి వచ్చింది. తూకం సరిచూసుకోవడం, బిల్లు చదవడం మన బిడ్డలకు మార్కుల విషయం కాదు, బతుకు విషయం.

ఒక్క టీచరే ఉన్న గూడెం బడిలో ఇదంతా ఎలా అని అడిగేవాళ్లకు ఒక మాట. అందరినీ ఒకే రోజు చూడక్కర లేదు. రోజుకు నలుగురు చాలు, మిగతావాళ్లు రాతపని చేసుకుంటారు. ఒక్కొక్కరి మీద మూడు వరసలు రాయాలి: బిడ్డ ఏం చేసింది, ఏం చెప్పింది, తర్వాత ఏం ఇవ్వాలి. ఉదాహరణకు: “గాజులు పేర్చింది. ఎనిమిది కంటే పది ఎక్కువ అన్నది. రేపు కాగితం మడతలతో పదహారో వంతు.” ఈ మూడు వరసలు ముప్పై చార్టుల కంటే ఎక్కువ చెబుతాయి. భాష రాని టీచర్ దగ్గర ఆ భాష తెలిసిన పై తరగతి పిల్లనో, ఊరి యువతీయువకులనో కూర్చోబెట్టుకోవాలి. చదువుకున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ వారానికి ఒక గంట ఇవ్వగలిగిన పని ఇది. వాళ్లు జవాబు చెప్పకూడదు, బిడ్డ చెప్పినదాన్ని మార్చకుండా టీచర్‌కు అందించాలి.

మనం అడగాల్సింది కొత్త కిట్లు కాదు. ఉన్న రిజిస్టరులో మార్కు పక్కన మూడు వరసల చోటు, ఇంటి భాషలో చెప్పిన జవాబుకు చెల్లుబాటు, ప్రతి కృత్యానికి చివర గుర్తులోకి తెచ్చే మెట్టు. ఈసారి ఉపాధ్యాయుల సమావేశానికి పోయే మన టీచర్ మిత్రులు గోడకు తగిలించిన చార్టుల ఫొటోలు కాకుండా, నలుగురు పిల్లల మీద తాము రాసుకున్న పన్నెండు వరసలు తీసుకుపోవాలి. ఆ వరసలు చదివినవాళ్లెవరూ మన పిల్లలకు లెక్కలు రావని ఒక్క మాటలో అనలేరు.